ఫొటోకెక్కని రోజులు

ఇంట్లో పెద్దావిడ కాలం చేస్తుంది. పదకొండో రోజుకల్లా పటం కట్టించాలి. అంతా కలిసి ఫొటో కోసం వెతకడం మొదలుపెడతారు. బీరువాలో పెళ్లి ఆల్బమ్ ఉంటుంది. అందులో ఆవిడ మూడో వరసలో, ఎవరి భుజం వెనకో సగం ముఖంతో కనిపిస్తుంది. ఫోన్లలో వేల ఫొటోలుంటాయి. అన్నీ పిల్లల పుట్టినరోజులవీ తిరుపతి ప్రయాణాలవీ. వాటిల్లో ఆవిడ ఉండదు. ఉన్నా కేకు వెనక ఓ చీర కొంగుగానో, వడ్డిస్తున్న ఓ చెయ్యిగానో ఉంటుంది. చివరికి దొరికేది ఆధార్ కార్డు మీది ఫొటో. దాన్నే పెద్దది చేయించి, వెనక నీలిరంగు వేయించి దండ వేస్తారు. యాభై ఏళ్లు ఆ ఇంటిని నడిపిన మనిషికి మిగిలేది, ఎక్కడో వరసలో నిలబడి అలిసిపోయాక తీసిన ఆ ఒక్క బొమ్మ!

కెమెరా లేక ఇలా జరగడం లేదు. ఇప్పుడు ఇంటికి నాలుగు కెమెరాలు, జేబుకొకటి. కానీ ఫొటో అనగానే మనకు సందర్భం కావాలి. పెళ్లో, పుట్టినరోజో, ప్రయాణమో ఉండాలి. అలాంటివన్నీ కలిపినా ఏడాదిలో ఇరవై రోజులుంటాయేమో. మరి మిగిలిన మూడువందల నలభై అయిదు రోజుల సంగతి? మనం నిజంగా బతికేది ఆ రోజుల్లోనే. నాన్న పేపరు చదువుతూ కళ్లజోడు నుదుటిమీదికి తోసుకునేదీ, అమ్మ డాబా మీద వడియాలు పెట్టేదీ, అమ్మాయి చదువుతూ చదువుతూ పుస్తకం మీదే నిద్రపోయేదీ ఆ రోజుల్లోనే. సరదా కోసం ఫొటోలు తీసేవాళ్ల అసలు సంపద అదే. ఎవరూ పిలవకుండా, ఎవరూ డబ్బివ్వకుండా, మామూలు రోజుని తీయడం!

రీలు లెక్క

మన ఇళ్లలో ఫొటో అంత పెద్ద సందర్భం కావడానికి కారణం లేకపోలేదు. ఒకప్పుడు ఫొటో 'దిగాలి' అంటే స్టూడియోకి వెళ్లాలి. తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, అక్కడి తెర ముందు కదలకుండా నిలబడాలి. ఆ తర్వాత మధ్యతరగతి ఇళ్లలోకి అగ్ఫా క్లిక్ త్రీ లాంటి కెమెరాలొచ్చాయి. బరోడాలో తయారైన ఆ నల్లటి పెట్టెలో ఒక రీలు వేస్తే పన్నెండు ఫొటోలు వచ్చేవి. ఎండైతే ఒక గుర్తు, మబ్బైతే మరో గుర్తు. అంతకుమించి తిప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తర్వాతి తరం కెమెరాలకు ముప్ఫై ఆరు ఫొటోల రీళ్లొచ్చాయి. సంక్రాంతికి వేసిన రీలు ఉగాది దాకా కెమెరాలోనే ఉండేది. అది అయిపోతేగానీ కడిగించడానికి ఇచ్చేవాళ్లు కాదు. కడిగించాక తెలిసేది... బాబాయి కళ్లు మూసుకున్నాడనీ, అత్తయ్య తల సగం తెగిందనీ!

ఫొటోను సామాన్యుడి చేతికివ్వాలన్న ఆలోచన మాత్రం అంతకన్నా చాలా పాతది. 1888లో అమెరికాలో కొడక్ సంస్థ వంద ఫొటోలకు సరిపడే ఫిల్మును లోపలే చుట్టి పెట్టి 25 డాలర్లకు ఓ కెమెరా అమ్మింది. బటన్ నొక్కడం ఒక్కటే కొన్నవాళ్ల పని. వందా అయిపోయాక కెమెరాను కంపెనీకి పంపితే, ఫొటోలు కడిగి కొత్త ఫిల్ముతో తిరిగి పంపేవాళ్లు. 1900లో అదే సంస్థ ఒకే ఒక్క డాలరుకు 'బ్రౌనీ' అనే అట్టపెట్టె కెమెరాను తెచ్చింది. దాంతో పిల్లలు కూడా ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. 1975లో మొదటి డిజిటల్ కెమెరా తయారైందీ అక్కడే. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీద రాయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. ఇవాళ ఆ 23 సెకన్లలో పదో తరగతి కుర్రాడు తన మధ్యాహ్న భోజనానికి నలభై ఫొటోలు తీసేస్తున్నాడు.

పన్నెండు ఫొటోల కాలంలో ఒక బాధ ఉండేది, ఒక లాభమూ ఉండేది. నొక్కేముందు ఆలోచించేవాళ్లు. ఇది తీయాలా, ఇటునుంచా అటునుంచా అని చూసుకునేవాళ్లు. ఆ చూసుకోవడమే ఫొటోగ్రఫీ. అందుకే ఇప్పటికీ కొందరు ఔత్సాహికులు సరదాగా ఓ నియమం పెట్టుకుంటారు. బయటికెళ్తే పన్నెండంటే పన్నెండే ఫొటోలు! ఒక ఆదివారం ప్రయత్నించి చూడండి. పదకొండోది తీసేటప్పటికి కళ్లు ఎంత పదునెక్కుతాయో తెలుస్తుంది.

వాళ్లూ సరదాగా మొదలెట్టినవాళ్లే

జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో పుట్టిన ఇంగ్లిష్ మహిళ. 1863లో, ఆమెకు నలభై ఎనిమిదేళ్ల వయసులో, కూతురూ అల్లుడూ కాలక్షేపానికి ఉంటుందని ఓ కెమెరా బహూకరించారు. ఆమె బొగ్గుల గదిని చీకటిగదిగా, కోళ్లగూటిని స్టూడియోగా మార్చేసింది. పనమ్మాయినీ ఇరుగుపొరుగునీ పట్టుకొచ్చి కూర్చోబెట్టి ఫొటోలు తీసింది. బొమ్మ మసగ్గా ఉందని ఆ రోజుల్లో నిపుణులు పెదవి విరిచారు. ఇప్పుడా మసక ముఖాలే ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో విల్సన్ బెంట్లీ అనే రైతు ఉండేవాడు. ఇంటి చుట్టూ కురిసే మంచు తప్ప ఆయనకు వేరే వింత లేదు. సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి 1885లో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఒక మంచుకణాన్ని ఫొటో తీశాడు. ఆ తర్వాత జీవితాంతం తీస్తూనే పోయాడు... అయిదు వేలకు పైగా! ఊరివాళ్లు రోజూ పారతో ఎత్తి పారబోసే మంచులోంచే ఆయన ఆ అందాలన్నీ ఏరుకున్నాడు.

ఫ్రాన్స్‌లో జాక్ ఆన్రి లార్తీగ్ చిన్నప్పుడే కెమెరా పట్టాడు. మెట్లమీంచి దూకే బంధువుల పిల్లలూ, అన్నయ్య చేసే విన్యాసాలూ, దుమ్ము రేపుకుంటూ పోయే కార్లూ... ఇవే ఆయన ఫొటోలు. ఇంటి ఆల్బమ్‌లో అతికించుకున్న ఆ బొమ్మల్ని 1963లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం ప్రదర్శనకు పెట్టింది. అప్పటికి ఆయన వయసు అరవై తొమ్మిది.

మనవైపు చూస్తే నిజాం కొలువులో 'రాజా' బిరుదు అందుకున్న దీన్‌దయాళ్ ఉన్నాడు. ఆయన అసలు ఉద్యోగం ఇందోర్‌లో, పబ్లిక్ వర్క్స్ విభాగంలో నక్షాలు గీయడం. 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టాడు. ఆ సరదాయే ఆయన్ని సికింద్రాబాద్ స్టూడియో దాకా నడిపించింది. నాటి హైదరాబాద్ ఎలా ఉండేదో ఇవాళ మనం కళ్లతో చూడగలుగుతున్నామంటే ఆ సరదా పుణ్యమే.

అందరికీ పేరే రావాలనేముంది? షికాగోలో వివియన్ మేయర్ అనే ఆవిడ పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేసేది. తీరిక దొరికితే మెడలో కెమెరాతో వీధుల్లో తిరిగేది. తీసినవి ఎవరికీ చూపించలేదు. చాలా రీళ్లయితే కడిగించనే లేదు. అద్దె కట్టలేక వదిలేసిన ఆమె సామాను 2007లో వేలానికి వచ్చింది. అందులో బయటపడ్డ నెగెటివ్‌లు లక్షకు పైనే! ప్రపంచం ఆమెను గుర్తించేలోపే, 2009లో ఆమె కన్నుమూసింది. మెచ్చుకునేవాళ్లు లేకపోయినా జీవితాంతం తీసిందంటే, ఆ తీయడంలో ఎంత ఆనందం ఉండి ఉండాలి!

వెలుగు ఎటునుంచి?

ఎంత ఖరీదైన కెమెరా అన్నది మొదటి ప్రశ్న కాదు. వెలుగు ఎటునుంచి వస్తోంది అన్నదే మొదటి ప్రశ్న. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిమీంచి పడుతుంది. కళ్లకింద, ముక్కుకింద నల్లటి నీడలు తెస్తుంది. అందుకే పెళ్లిపందిరి బయట పన్నెండు గంటలకు తీసిన ఫొటోల్లో అందరూ అలిసిపోయినట్టు కనిపిస్తారు. అదే పొద్దుపొడిచిన తర్వాతి గంట, పొద్దుగుంకే ముందటి గంట చూడండి. సూర్యుడు కిందుగా ఉంటాడు. ఆ కిరణాలు మన దగ్గరికి రావాలంటే ఎక్కువ గాలిపొరను దాటుకుని రావాలి. దారిలో నీలం చెదిరిపోయి పసుపూ ఎరుపూ మిగులుతాయి. అందుకే ఆ వేళ గోడలూ గొడ్లూ మనుషులూ అంతా బంగారుపూత పూసుకున్నట్టుంటారు. 

ఇంట్లో అయితే కిటికీయే పెద్ద లైటు. ట్యూబులైటు ఆపేసి, బామ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. వెలుగు ఒక చెంపమీదుగా పడి రెండో చెంప నీడలోకి జారుతుంది. ముఖంమీది ప్రతి ముడతా ఒక కథలా కనిపిస్తుంది. కిటికీని ఆమె వెనక్కి పెడితే మాత్రం మిగిలేది నల్లటి ఆకారమే. మనిషిని పావువంతు తిప్పినందుకే ఎంత తేడా!

ఇంకో నాలుగు చిన్న సంగతులు. ఫోను జేబులో, చేతుల్లో నలిగి నలిగి కెమెరా అద్దంమీద జిడ్డు పేరుకుంటుంది. తీసేముందు మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడవండి. సగం ఫొటోలు అక్కడే బాగుపడతాయి. దూరంగా ఉన్నదాన్ని వేళ్లతో పెద్దది చేస్తే బొమ్మ పొడిపొడిగా విడిపోతుంది. దానికన్నా నాలుగడుగులు ముందుకు వేయండి. పిల్లల్ని తీసేటప్పుడు నేలమీద కూర్చోండి. పైనుంచి తీస్తే తలకాయే కనిపిస్తుంది, వాళ్ల ఎత్తులోంచి తీస్తే వాళ్ల ప్రపంచం కనిపిస్తుంది. ఇక 'నవ్వండి' అని ఎవరికీ చెప్పకండి. చెప్పి తెప్పించిన నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఏదో ఒక పాత సంగతి కదిపి కాచుకుని కూర్చోండి. ఆ మాటల్లోనే అసలు ముఖం బయటికొస్తుంది.

పెరట్లోనే అడవి

ప్రకృతి ఫొటోలంటే పులినో, హిమాలయాలనో తీయాలనుకుంటారు చాలామంది. పెరట్లో కరివేపాకు మొక్క ఉంటే చాలు. ఆకుమీద ఆవగింజంత గుడ్డు కనిపిస్తుంది. కొన్నాళ్లకు పిట్టరెట్టలా కనిపించే ఓ పురుగు తిరుగుతుంటుంది. పిట్టలు తినకుండా అది వేసే వేషమది! పెరిగేకొద్దీ ఆకుపచ్చగా మారుతుంది. ఆకులు తినేస్తోందని తీసి పారేయకుండా రోజుకో ఫొటో తీయండి. మూడు నాలుగు వారాల్లో గూడు చీల్చుకుని ఓ సీతాకోకచిలుక బయటికి వస్తుంది. పిల్లల సైన్సు పుస్తకంలో నాలుగు బాణంగుర్తులుగా ఉన్న పాఠం, ఇంట్లో ఇరవై అయిదు ఫొటోల కథవుతుంది. పులుసులోకి నాలుగు రెబ్బలు తక్కువ పడితే పడనివ్వండి!

మన కార్తెలే మంచి పట్టిక. ఆరుద్ర కార్తెలో తొలివానలకు నేలమీద ఎర్రటి మఖ్మల్ గుడ్డలా పాకే ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. కొద్దిరోజులే ఉంటాయి, మళ్లీ ఏడాదికే. వానాకాలంలో బావిమీదికి వాలిన ఈతచెట్టుకో తుమ్మచెట్టుకో గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. మగపక్షి సగం అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి చూసి, నచ్చితేనే మిగతా సగం. ఇల్లు చూపించాకే పెళ్లి అన్నమాట! ధనుర్మాసం పొద్దుల్లో సాలెగూళ్లనిండా మంచుబొట్లుంటాయి. ఒక్కో బొట్టు ఒక్కో అద్దం. దగ్గరికెళ్లి చూస్తే వెనకున్న పువ్వు అందులో తలకిందులుగా కనిపిస్తుంది. శివరాత్రి దాటితే ఆకులన్నీ రాల్చి ఒళ్లంతా ఎర్రబారిన మోదుగ. ఉగాదికి వేపపూత.

ఆ వేపచెట్టునే తీసుకోండి. నెలకోసారి, అదే కిటికీలోంచి, అదే గంటకు ఒక్క ఫొటో. పన్నెండు నెలలకు పన్నెండు. అవన్నీ వరసగా పేర్చి చూస్తే, రోజూ చూస్తున్న చెట్టును ఎప్పుడూ చూడనే లేదని తెలుస్తుంది.

కాస్త బయటికెళ్లగలిగితే చలికాలంలో గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు ఉంది. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం ఉంది. పులికాట్ పక్కన నేలపట్టు ఉంది. గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ చెట్లమీద సంసారాలు పెట్టుకుని ఉంటాయి. తేలినీలాపురం వాళ్లకు ఆ పక్షులు రావడం ఊరికి శుభం. రాకపోతేనే దిగులు. అక్కడ ఫొటో తీయడానికి పెద్ద లెన్సు లేకపోయినా ఫరవాలేదు. చెట్టునిండా వాలిన గుంపునీ, కింద దాన్ని చూస్తూ నిలబడ్డ ఊరి పిల్లనీ కలిపి తీస్తే, ఆ ఒక్క ఫొటో పది ముక్కుల ఫొటోలకన్నా ఎక్కువ చెబుతుంది.

ముందు మర్యాద... తర్వాత ఫొటో

సరదా కాస్తా ఇతరుల ప్రాణంమీదికి రాకూడదు. గూడు బాగా కనిపించాలని చుట్టూ ఆకులు తుంచేసేవాళ్లున్నారు. ఆ ఆకులే పిల్లలకు గొడుగు. అవి పోతే ఎండ నేరుగా పడుతుంది, కాకికీ డేగకీ దారి దొరుకుతుంది. మనం అక్కడే నిలబడితే తల్లి గూటికి రాదు. పక్షి మెడ సాచి కంగారుగా చూస్తోందంటే మనం ఎక్కువ దగ్గరికెళ్లామని అర్థం. వెనక్కి రావడమే ఫొటోగ్రాఫర్ మర్యాద. జలపాతం అంచునా, రైలు పట్టాలమీదా స్వీయచిత్రాలకు పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం. మనం లేకపోతే ఆ ఫొటోను ఎవరు చూసుకోవాలి?

మనుషుల విషయంలోనూ అంతే. పూలమ్మే అవ్వ ముఖం, రిక్షా తాత చేతులు చాలామందికి మంచి బొమ్మలుగా కనిపిస్తాయి. అడక్కుండా తీసి వెళ్లిపోతారు. ఒక్కమాట అడిగితే పోయేదేముంది? ''అవ్వా, ఒక ఫొటో తీసుకోనా?'' అంటే చాలామంది కొంగు సర్దుకుని మరీ కూర్చుంటారు. వద్దంటే వద్దు. తీశాక తెరమీద చూపించండి. కుదిరితే మరుసటి వారం ఓ ప్రింటు తీసుకెళ్లి చేతిలో పెట్టండి. ఫొటో తీసుకెళ్లేవాళ్లనే తప్ప తెచ్చిచ్చేవాళ్లను ఆవిడ చూసి ఉండదు. బహుశా ఆ ఇంట్లో గోడకెక్కే మొదటి ఫొటో అదే కావచ్చు. ఇక ఊళ్లోవాళ్ల పిల్లల ఫొటోలను వాళ్ల అమ్మానాన్నల్ని అడక్కుండా నలుగురికీ పంచకపోవడం కనీస ధర్మం.

తీయడం సగమే

పాత ఫొటో నలభై ఏళ్లు బీరువాలో పడున్నా తెరిస్తే కనిపిస్తుంది. కొత్త ఫొటోకి ఆ భరోసా లేదు. ఫోను నీళ్లలో పడితే ఒక్క క్షణంలో మూడేళ్లు మాయం. అందుకే నెలకో ఆదివారం అరగంట ఈ పనికి పెట్టుకోండి. ఒకేలా ఉన్న ఇరవైలో ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. ఉంచినవాటిని ఫోనులో కాకుండా మరో రెండుచోట్ల దాచండి. ఏడాదికి ఓ యాభైని ప్రింట్లు వేయించండి. ఖర్చు కుటుంబమంతా ఒకసారి హోటలుకెళ్లినంత కూడా కాదు.

ప్రింటు వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి... ఎవరు, ఎక్కడ, ఏ ఏడాది. బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే ముందువైపు గీత పడుతుంది. ఇప్పుడు అందరికీ తెలిసిన ముఖాలే కదా అనిపిస్తుంది. తాతయ్యల కాలం ఆల్బమ్ తీసి చూడండి. ఎంతమంది పేర్లు చెప్పగలరు? ''ఈయనెవరో తెనాలి చుట్టమట'' అన్నదగ్గర ఆగిపోతాం. పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఆల్బమ్ వాళ్ల ఒళ్లో పెట్టి అడగండి. పిల్లలతో రాయించండి. ఒక్కో ఫొటో దగ్గర ఆగి వాళ్లు చెప్పే కథలు, ఏ టీవీ సీరియల్‌లోనూ ఉండవు. పాడవుతున్న పాత ఫొటోలను కిటికీ వెలుగులో, మెరుపు పడకుండా చూసుకుని ఫోనుతో మళ్లీ తీసి పెట్టుకోవచ్చు. అట్టకు అంటుకుపోయిన ఫొటోను మాత్రం బలవంతంగా పీకకండి. అక్కడే ఉంచి తీయండి.

ఇంకొక్క సంగతి. ప్రతి ఇంట్లోనూ ఫొటోలు తీసే మనిషి ఒకరుంటారు. ''అందరూ దగ్గరికి జరగండి'' అంటూ వాళ్లెప్పుడూ కెమెరాకి ఇటువైపే ఉంటారు. ఎన్ని ఆల్బమ్‌లు తిరగేసినా వాళ్లు కనిపించరు. అలాగే వంటింటివైపు ఉండిపోయేవాళ్లూ ఒకరుంటారు. ''నాదెందుకులే, నేను బాగా పడను'' అనేస్తుంటారు.  వాళ్లిద్దర్నీ కిటికీ పక్కకు పిలవండి. జుట్టు దువ్వుకుని వస్తామంటే వద్దనండి. ఉన్నవాళ్లను ఉన్నట్టుగా, నవ్వుతుండగా నాలుగు తీయండి!